కొమ్ము పురుగు వీపు మీద గీత

ఇంటర్‌లో బైపీసీ చదివినవారి జువాలజీ రికార్డు తెరిస్తే బొద్దింక కనిపిస్తుంది. పైనుంచి చూసినట్టుగా, మూడేసి కాళ్ళు రెండు పక్కలకూ చాపి, మీసాలు చెరోవైపు వంచి, స్కేలుతో కొట్టిన గీతల చివర భాగాల పేర్లతో ఉంటుంది. పరీక్షకు ఆ బొమ్మ చాలు. ఏ భాగం ఎక్కడుందో చెప్పడం దాని పని, ఆ పని అది చక్కగానే చేస్తుంది. చిక్కల్లా ఆ తరువాత వస్తుంది. ఏళ్ళు గడిచాక ఒక పురుగును ఎదురుగా పెట్టి గీయమన్నా చేయి ఆ రికార్డు బొమ్మనే గీస్తుంది. పురుగు పక్కకు తిరిగి ఉండనీ, తల వంచుకుని ఉండనీ, ఒక కాలు ఎత్తి ఉండనీ, కాగితం మీద మాత్రం చదునుగా పరుచుకుంటుంది.

అలాంటి బొమ్మ వేసినవారు సాధారణంగా ‘నాకు షేడింగ్ రాదండీ’ అంటారు. పెన్సిల్ పడుకోబెట్టి అంచుల వెంట నలుపు రుద్దుతారు. బొమ్మ నల్లబడుతుంది గానీ లేవదు. బొమ్మలు నేర్చుకోవడానికి వచ్చే పిల్లలకూ పెద్దలకూ నేను మొదట చెప్పేదీ, ఈ అధ్యాయమంతా చెప్పబోయేదీ ఒకటే: పురుగుకు నిండుతనం దాని ఒంటి చుట్టూ తిరిగే గీతల వల్ల వస్తుంది. వెలుగునీడలు ఆ తరువాతి మాట. గీత సరిగా తిరిగితే ఒక్క నీడ వేయకపోయినా పురుగు కాగితం మీద కూర్చుంటుంది.

గీత తిరగడమంటే ఏమిటో తెలియాలంటే, ఒక చీమ కొమ్ము పురుగు మీదికి ఎక్కిందనుకోండి. కుడి పక్క కిందినుంచి ఎక్కి, వీపు మీదుగా అడ్డంగా నడిచి, ఎడమ పక్కకు దిగిపోయింది. ఆ చీమ నడిచిన దారే మనకు కావలసిన గీత. అది నేల మీద గీసిన తిన్నని గీత కాదు. మొదట నిట్టనిలువుగా లేస్తుంది, వీపు మీద సాగుతుంది, మధ్యలో రెక్కల అతుకు దగ్గర చిన్న పల్లంలో దిగి లేస్తుంది, అవతలి పక్క మన కంటికి కనబడకుండా పోతుంది. మీ పెన్సిల్ ఆ దారి వెంట, అంత నెమ్మదిగా నడవాలి.

మోడల్ కోసం ఎక్కడికి వెళ్ళాలి

గన్నవరం చుట్టుపక్కల ఉన్నవారికి మోడళ్ళ కరువు లేదు. ఏలూరు కాలువ కింద వరి చేలు, గట్ల మీద కొబ్బరి చెట్లు, ఆగిరిపల్లి దాటి నూజివీడు వైపు వెళ్తే మామిడి తోటలు. తొలకరికి ఆరుద్ర పురుగులు, వానల్లో వీధి దీపాల కింద రకరకాల పెంకు పురుగులు, వరి చేలల్లో మిడతలు, తూనీగలు, అక్షింతల పురుగులు, మామిడి పూతకొచ్చే రోజుల్లో తేనెమంచు పురుగు. ఏడాది పొడవునా ఏదో ఒకటి దొరుకుతుంది.

మొదటి మోడల్‌గా మాత్రం కొమ్ము పురుగునే పట్టండి. కొబ్బరి మొవ్వులోకి తొలుచుకుపోయి లేత ఆకును కొరికేది ఇదే. ఆ ఆకు విచ్చుకున్నాక కత్తెరతో కత్తిరించినట్టు కనిపిస్తుంది. కొబ్బరి రైతులు ఇనుప చువ్వతో దీన్ని మొవ్వులోంచి గుచ్చి లాగేస్తారు, కాబట్టి చచ్చిన పురుగును ఇమ్మని అడిగితే ఎవరూ కాదనరు. దీని పిల్ల పురుగులు పెంటకుప్పల్లో పెరుగుతాయి. పెంట తోలే రోజుల్లో అడిగితే అవీ దొరుకుతాయి.

బొమ్మ నేర్చుకునేవారికి ఈ పురుగు ఎందుకు మంచిదంటే, ముందుగా పెద్దది. 35 నుంచి 50 మిల్లీమీటర్ల పొడవు ఉంటుంది, భూతద్దం లేకుండానే కీళ్ళు కనిపిస్తాయి. పెంకు గట్టిది, ఎండినా ముడుచుకుపోదు. తూనీగ చచ్చిన కొద్దిసేపటికే రంగు మాస్తుంది. గొంగళిపురుగు కుళ్ళిపోతుంది. కొమ్ము పురుగు నాఫ్తలీన్ ఉండతో డబ్బాలో ఉంచితే నెలల తరబడి అలాగే ఉంటుంది. ఎండి బిగుసుకున్న కాళ్ళను కదపబోతే విరిగిపోతాయి. మూత ఉన్న డబ్బాలో తడిగుడ్డ వేసి, దాని మీద చిన్న అట్టముక్క పెట్టి, పురుగును ఒక రాత్రి దాని మీద ఉంచితే కీళ్ళు మెత్తబడతాయి. అప్పుడు థర్మోకోల్ ముక్క మీద గుండుసూదుల ఆసరాతో నడుస్తున్న భంగిమలో నిలబెట్టి ఆరనివ్వండి. సూది పురుగు ఒంట్లోకి గుచ్చక్కర్లేదు, కాళ్ళకు అటూ ఇటూ పెడితే చాలు.

బొమ్మ కోసం పురుగును చంపవద్దని గట్టిగా చెబుతాను. వీధి దీపం కింద పొద్దున్నే వెతికితే చచ్చినవి దొరుకుతాయి. ఇంకో జాగ్రత్త: బెండ, కంది పూల మీద ఎరుపు నలుపు పట్టీలతో నిదానంగా తిరిగే పెంకు పురుగు ఒకటుంది. దాని ఒంట్లోంచి వచ్చే రసం తగిలితే చర్మం బొబ్బలెక్కుతుంది. దాన్ని చూసి గీయండి, వట్టి చేత్తో పట్టుకోకండి. పిల్లలకు ఇది ముందే చెప్పాలి.

సామాను గురించి ఎక్కువ ఆలోచించనక్కర్లేదు. హెచ్‌బీ, 2బీ, 4బీ పెన్సిళ్ళు, రబ్బరు, కాస్త మందంగా ఉన్న డ్రాయింగ్ షీట్లు, పదింతలు చూపే చిన్న భూతద్దం, ఒకే బల్బున్న టేబుల్ లైటు. విజయవాడ ఏలూరు రోడ్డులోనో బీసెంట్ రోడ్డులోనో ఒక్క పూటలో అన్నీ కొనేయవచ్చు.

అప్పడాల కర్ర, నాలుగు గాజులు

పురుగు జోలికి వెళ్ళకముందు ఒక సాధన చేయాలి. ఇది విసుగనిపించి చాలామంది దాటేస్తారు. దాటేసినవారి బొమ్మ పొట్ట దగ్గర దొరికిపోతుంది. అప్పడాల కర్రకు నాలుగైదు గాజులు ఎడంగా తొడిగి బల్ల మీద పెట్టండి. కర్ర మీకు అడ్డంగా ఉంటే గాజులు దాదాపు తిన్నని గీతలుగా కనిపిస్తాయి. కర్ర ఒక కొసను మెల్లగా మీ వైపు తిప్పండి. గాజులు దీర్ఘవృత్తాలవుతాయి, తిప్పేకొద్దీ గుండ్రమవుతాయి. ఏ కొస మీకు కనిపిస్తోందో, కర్ర ఇవతలి పక్క గాజు వంపు దానికి ఎదురు దిక్కుకు ఉబ్బుతుంది. ఇది మాటల్లో తికమకగా ఉంటుంది, కళ్ళతో చూస్తే ఒక్క క్షణంలో అర్థమవుతుంది. డ్రాయింగ్ లోయర్, హయ్యర్ పరీక్షలకు చెంబులూ బిందెలూ గీసినవారికి ఇది చేతికి వచ్చిన విద్యే. బిందె మూతి గీసిన చేయి తూనీగ తోక గీయగలదు.

పురుగు ఒళ్ళంతా కట్లు కట్లుగా ఉంటుంది. ప్రతి కట్టూ ఒక గాజు. పొట్ట కొస మీ వైపు తిరిగి ఉంటే కట్ల వంపులన్నీ తల వైపు ఉబ్బాలి, తల మీ వైపు తిరిగి ఉంటే కొస వైపు. ఒకే పొట్ట మీద కొన్ని కట్లు ఇటు, కొన్ని అటు ఉబ్బాయంటే ఆ పొట్ట మధ్యలో వంగి ఉండాలి. వంగకుండానే మీరు అలా గీసి ఉంటే, చూసేవారికి కారణం తెలియకపోయినా ఏదో తేడాగా ఉందని మాత్రం తెలిసిపోతుంది.

పెంటకుప్పలోని పిల్ల పురుగు దీనికి మంచి పరీక్ష. తెల్లగా, లావుగా, ఇంగ్లిషు ‘సి’ అక్షరపు వంపులో ముడుచుకుని ఉంటుంది. వంపు లోపలి పక్క ముడతలన్నీ ఒకదాని మీద ఒకటి ఇరుక్కుంటాయి, బయటి పక్క ఎడంగా విచ్చుకుంటాయి. ముడతల మధ్య దూరం రెండు పక్కలా సమానంగా గీసినంతకాలం అది వంగిన పురుగు కాదు, వంకర కాగితమే. లోపల దగ్గర చేసి, బయట విడదీసి, ఒక్కో ముడతను గాజులాగే తిప్పి చూడండి. రంగు లేదు, నమూనా లేదు, కొమ్ము లేదు. అయినా చేత్తో పట్టుకోవచ్చనిపిస్తుంది.

ముందు దిమ్మ, తరువాత అతుకు

విజయవాడ అవతల కొండపల్లికి వెళ్ళి బొమ్మలు చేసేవారి పక్కన ఒక పూట కూర్చుని రండి. తెల్ల పొణికి కర్రలోంచి ముందు ఒంటి దిమ్మను చెక్కుతారు. చేతుల వంటి భాగాలను విడిగా చెక్కుతారు. చింతగింజల పొడి, రంపపు పొట్టు కలిపిన మక్కుతో వాటిని అతికి, అతుకు తెలియకుండా నునుపు చేస్తారు. తరువాత సున్నం పూత. రంగు, పూలు, కళ్ళు, మీసాలు అన్నిటికన్నా చివర. వారి పనిలోని ఆ వరుసే కాగితం మీదా పాటించాలి. మనలో చాలామంది కొమ్ముతోనో కంటితోనో మొదలుపెడతారు, ఎందుకంటే ముచ్చటగా ఉండేవి అవే. మొదలుపెట్టిన కన్ను ఒక కోణంలో, తరువాత వచ్చిన ఒళ్ళు ఇంకో కోణంలో తేలతాయి.

కొమ్ము పురుగును ముప్పాతిక కోణంలో పెట్టుకోండి. అంటే తల మీ ఎడమ పక్కకు, కాస్త మీ వైపు తిరిగి ఉండాలి. మొదటి పది నిమిషాలు గీయకుండా చూడండి. తరువాత హెచ్‌బీ పెన్సిల్‌తో, అంటీ అంటనట్టు, మూడు దిమ్మలు వేయండి: చిన్న తల, దాని వెనక గుండ్రని డాలు, దాని వెనక గట్టి రెక్కలు కప్పిన పొడవాటి గుడ్డు ఆకారం. అంచు గీయకండి, దిమ్మలు వేయండి. ఒకదాని వెనక ఒకటి దూరినట్టు, వెనకదాని గీత కొంత ముందుదాని కింద దాగేట్టు వేయండి.

ఇక్కడ రికార్డు పుస్తకం చెప్పిన పాఠాన్ని కాస్త సవరించుకోవాలి. కీటకం ఒళ్ళు తల, రొమ్ము, పొట్ట అని మూడు భాగాలని చదువుకున్నాం. అది నిజమే. కానీ పెంకు పురుగును పైనుంచి చూస్తే కనిపించే మూడు భాగాలు అవి కావు. తల వెనక కనిపించే డాలు రొమ్ములో మొదటి కట్టు మాత్రమే. రొమ్ములోని మిగిలిన రెండు కట్లూ రెక్కల కింద దాగి ఉంటాయి. ఈ సంగతి తెలియనివారు మధ్య కాళ్ళనూ వెనక కాళ్ళనూ పొట్టకు తగిలిస్తారు. పురుగును వెల్లకిలా తిప్పి చూడండి. ఆరు కాళ్ళూ రొమ్ముకే ఉంటాయి. మొదటి జత డాలు కింద, రెండో జత రెక్కలు మొదలయ్యే చోట, మూడో జత దాని వెనకనే. పొట్టకు ఒక్క కాలూ ఉండదు. గీసేటప్పుడు కాళ్ళు మొలిచే ఈ ఆరు గుంటలనూ, ఒళ్ళు గాజుదైతే కనిపించేవే అన్నట్టు, అడుగున సన్నగా గుర్తు పెట్టుకోండి.

దిమ్మలయ్యాక నడిమి గీత. రెండు గట్టి రెక్కలు కలిసే అతుకు మన పని సగం చేసిపెడుతుంది. పైనుంచి చూస్తే అది తిన్నగా మధ్యలో ఉంటుంది. ముప్పాతిక కోణంలో అవతలి పక్కకు జరుగుతుంది, ఒంటి ఎత్తుపల్లాలను బట్టి వంగుతుంది కూడా. అతుకుకు ఇవతల రెక్క వెడల్పుగా, అవతల సన్నగా మిగలాలి. చేయి ఊరుకోదు, రెండు రెక్కలూ సమానమని తెలుసు కనుక సమానంగా గీయాలని చూస్తుంది. ఈ ఒక్క గీతను మీరు చూసినట్టు వేయగలిగితే ఆ పూట పని సగం అయినట్టే. అతుకు తరువాత, వీపు మీద అడ్డంగా చీమ దారులు నాలుగైదు వేయండి. అవి బొమ్మలో మిగలనక్కర్లేదు, తరువాత రబ్బరుతో తీసేయవచ్చు. వాటిని గీసిన చేతికి మాత్రం వంపు ఎటు తిరుగుతుందో గుర్తుండిపోతుంది.

అక్షింతల పురుగు చుక్కలకూ ఇదే సూత్రం. వీపు మధ్యలో గుండ్రంగా ఉన్న చుక్క అంచుకు వచ్చేకొద్దీ సన్నబడి దీర్ఘవృత్తం అవుతుంది. చుక్కలన్నీ గుండ్రంగా దిద్దితే ఎంత అందంగా దిద్దినా వీపు అణిగిపోతుంది. కొమ్ము పురుగు రెక్కల మీది సన్నని గుంటలు కూడా అంచు దగ్గర ఇరుకిరుకుగా, పలచగా కనిపించాలి. అన్నిటినీ గీయవద్దు. వెలుతురు నీడలోకి తిరిగే చోట కొన్ని గీస్తే మిగిలినవి చూసేవారే నింపుకుంటారు.

కాళ్ళను నేల దగ్గరి నుంచి మొదలుపెట్టండి

ఒళ్ళు బాగా కుదిరినా కాళ్ళ దగ్గర బొమ్మ పాడయ్యేది ఎందుకంటే, కాళ్ళను ఒంటి అంచు నుంచి బయటికి లాగుతాం. ఆరు కాళ్ళ పాదాలూ ఒకే నేల మీద ఉన్నాయన్న సంగతి మరుస్తాం. నా పద్ధతి వేరు. ముందు పాదాలు ఆనే ఆరు చోట్లను చుక్కలుగా పెట్టిస్తాను. వాటిని కలిపితే నేల మీద పరిచిన ఆరు మూలల ఆకారం రావాలి. ఇవతలి పాదాలు కాగితం మీద కిందికి, అవతలివి పైకి ఉంటాయి. ఆ తరువాత అడుగున గుర్తు పెట్టుకున్న గుంటల నుంచి ఒక్కో కాలును ఆ చుక్క దాకా తెస్తాం: తొడ పైకి లేస్తుంది, మోకాలి దగ్గర విరిగి పిక్క కిందికి దిగుతుంది, సన్నని పాదం నేలకు ఆనుతుంది. కొమ్ము పురుగు పిక్క మీద మొనదేలిన పళ్ళుంటాయి, మట్టినీ మొవ్వునీ తవ్వేది వాటితోనే. అవి పిక్క చుట్టూ ఎటు తిరిగి ఉన్నాయో చూస్తే పిక్క ఎటు మెలితిరిగిందో తెలుస్తుంది.

నడిచే పురుగును గీయాలనుకుంటే ఒక సంగతి పనికొస్తుంది. సాధారణంగా కీటకం మూడు కాళ్ళ మీద నిలబడి మిగిలిన మూడూ ముందుకు వేస్తుంది. ఒక పక్క మొదటి, చివరి కాళ్ళు, రెండో పక్క మధ్య కాలు నేల మీద ఉంటాయి. తరువాతి అడుగుకు అవి మారతాయి. ఆ మూడు పాదాలూ కలిస్తే ఒక త్రికోణం, దాని మీద ఒంటి బరువు. ఇది తెలిసి గీసిన పురుగు పడిపోయేట్టు ఉండదు.

వెలుతురు

ట్యూబ్‌లైటు కింద పురుగును గీయకండి. నలుదిక్కుల నుంచీ పడే వెలుతురులో వంపు మాయమవుతుంది. ఒకే దీపాన్ని ఎడమ పక్క పైనుంచి పడేట్టు పెట్టుకోండి. శాస్త్రీయ చిత్రాలు వేసేవారు చాలాకాలంగా పాటిస్తున్న ఆచారం ఇది. పుస్తకాల్లో పది పురుగుల బొమ్మలు పక్కపక్కన ఉన్నా అన్నిటి మీదా వెలుగు ఒకే దిక్కు నుంచి ఉంటే ఏది గుంటో ఏది గుబ్బో పాఠకుడు తడుముకోనక్కర్లేదు.

ఆ గుంటా గుబ్బా తేడాను కొమ్ము పురుగు ఒంటి మీదే నేర్చుకోవచ్చు. దాని డాలు ముందు భాగం లోపలికి పల్లంగా ఉంటుంది, వెనక గట్టుగా లేస్తుంది. ఎడమ నుంచి వెలుతురు పడితే గట్టుకు ఎడమ పక్క మెరుస్తుంది. పల్లానికి మాత్రం ఎడమ గోడ నీడలో ఉండి కుడి గోడ మెరుస్తుంది. కలిపి చూస్తే వేలి వెడల్పంత చోట వెలుగు రెండుసార్లు దిక్కు మారుతుంది. ఇక్కడ తొందరపడితే పల్లం గుబ్బగా తేలుతుంది. అనుమానం వస్తే టార్చి తెచ్చి దీపాన్ని అటూ ఇటూ కదిపి చూడండి. నీడ ఎటు పారుతుందో చూస్తే రూపం తేలిపోతుంది.

ఇంగ్లిష్ శాస్త్రవేత్త రాబర్ట్ హుక్ ఈ సంగతిని 1665లో వచ్చిన ‘మైక్రోగ్రాఫియా’ ముందుమాటలోనే చెప్పాడు. సూక్ష్మదర్శిని కింద ఈగ కన్ను ఒక వెలుతురులో చిల్లులున్న జల్లెడగా, ఎండలో బంగారు మేకులు దిగేసిన పలకగా, మరో వాలులో మొనలుగా కనిపించిందట. రకరకాల వెలుతురుల్లో చూసి, అసలు రూపం ఇదీ అని తేల్చుకున్నాకే బొమ్మ గీశానంటాడు. నిండుతనం కోసం తపించేవారు ఆ ఓపికను నేర్చుకోవాలి. చూసిన మొదటి మెరుపును గీయడం తేలిక. ఆ మెరుపు ఏ రూపం వల్ల వచ్చిందో తెలుసుకుని గీయడం వేరు.

నల్లని పెంకు నలుపు కాదని కూడా ఇక్కడే తెలుస్తుంది. దీపం కనిపించే చోట కాగితాన్ని తెల్లగా వదలండి. ఆ తెలుపు అంచు గట్టిగా, తెగినట్టు ఉండాలి, ఎందుకంటే పెంకు నున్నన. దాని పక్కనే అన్నిటికన్నా చిక్కని నలుపు. కిందికి దిగేకొద్దీ, బల్ల మీద పరిచిన తెల్ల కాగితం నుంచి పైకి కొట్టే లేత వెలుతురు ఒక సన్నని పట్టీగా అంచు లోపల కనిపిస్తుంది. ఆ పట్టీని వదిలిపెట్టనివారి పురుగు నేల నుంచి విడివడి నిలబడుతుంది. దాన్ని నలుపుతో నింపేసినవారి పురుగు నేలకు అంటుకుపోతుంది.

దీనికి పూర్తి వ్యతిరేకం ఆరుద్ర పురుగు. తొలి వానలకు ఎర్రని నేల మీద మెల్లగా పాకే ఆ మఖమలు ఒంటి మీద మెరుపన్నది ఎక్కడా ఉండదు. దానికి ఎనిమిది కాళ్ళు, అది కీటకం కాదు, సాలీళ్ళ బంధువు. అయినా సాధనకు వదులుకోకూడదు. నూగు మీద వెలుగు మెత్తగా పరుచుకుంటుంది. పైగా అంచుల్లో నూగు వెలుతురును పట్టుకోవడం వల్ల అంచు లేతగా కనిపిస్తుంది. కొమ్ము పురుగునూ దీన్నీ పక్కపక్కన గీస్తే, వస్తువు ఆకారం ఒకటి, దాని ఉపరితలం మరొకటి అని చేతికి తెలుస్తుంది. ఆరుద్ర పురుగును సజీవంగా చూసి, అక్కడే వదిలిపెట్టండి.

కింద పడే నీడ గురించి ఆల్బ్రెఖ్ట్ డ్యూరర్ కన్నా బాగా చెప్పినవారు లేరు. ఆ జర్మన్ చిత్రకారుడు 1505లో ఒక పెద్ద కొమ్ముల పెంకు పురుగును రంగుల్లో వేశాడు. ఇప్పుడది లాస్ ఏంజెలెస్‌లోని గెట్టీ మ్యూజియంలో ఉంది. వెనక ఏ దృశ్యమూ లేదు, ఖాళీ కాగితమే. పురుగు తల ఎత్తి ఉంటుంది, ఒంటి కింద, కాళ్ళ కింద నీడ పడుతుంది. ఆ నీడ వల్ల కాగితమే నేల అయిపోతుంది. మీ బొమ్మలో పాదం నేలకు ఆనిన చోట నీడ పాదాన్ని తాకాలి, అక్కడ చిక్కగా ఉండాలి. ఎత్తిన కాలి నీడ పాదానికి దూరంగా, కాస్త మసకగా పడాలి. ఆ దూరమే కాలు ఎంత ఎత్తు లేచిందో చెబుతుంది.

మట్టి

పైన చెప్పినవన్నీ చేసినా ఒక కోణం బుర్రకు ఎక్కకపోతే, వినాయక చవితికి మట్టి ఎక్కడి నుంచి తెస్తారో అక్కడి నుంచే ఒక ముద్ద తెచ్చుకుని పురుగును అరచేయంత పెద్దగా చేయండి. కాళ్ళకు కొబ్బరి ఈనెలు గుచ్చండి. ఆ మట్టి పురుగు మీద సుద్దతో చీమ దారులు గీసి, టార్చి వేసి తిప్పి చూడండి. చేతివేళ్ళు నేర్చుకున్న వంపు పెన్సిల్‌కు త్వరగా వస్తుంది. పదేళ్ళలోపు పిల్లలకైతే నేను మట్టితోనే మొదలుపెడతాను, కాగితం తరువాత ఇస్తాను.

ఫోన్‌తో ఫొటో తీసి దాన్ని చూసి గీయవచ్చా అని అడుగుతారు. తీయండి, కానీ కాలి కీళ్ళు గుర్తుంచుకోవడానికి మాత్రమే వాడండి. పురుగుకు బాగా దగ్గరగా పెట్టి తీసినప్పుడు ముందున్న కొమ్ము ఉన్నదానికన్నా పెద్దదై, వెనక పొట్ట చిన్నదై మసకబారుతుంది. మన కన్ను దాన్ని అలా చూడదు. కాస్త దూరం నుంచి జూమ్ చేసి తీస్తే ఆ తేడా తగ్గుతుంది.

కొమ్ము పురుగు కుదిరాక తేనెమంచు పురుగుకు వెళ్ళండి. కొన్ని మిల్లీమీటర్ల ప్రాణి, భూతద్దం తప్పదు. తల వెడల్పు, వెనక మొన, రెక్కలు రెండు పక్కలకూ వాలి ఉంటాయి. ఒక వాలు వెలుగులో, ఒక వాలు నీడలో ఉంచితే చాలు, ఆ రెండు తలాలతోనే రూపం వచ్చేస్తుంది. ఆ తరువాత తూనీగ. దాని రొమ్ము వెనక్కి వాలి ఉంటుంది, అందుకే కాళ్ళు తల కిందికి ముందుకు జరిగి, రెక్కలు వెనక్కి జరిగి కనిపిస్తాయి. ఈ వాలును పట్టుకోనివారి తూనీగకు రెక్కలు మెడ మీద మొలుస్తాయి. పొట్ట పది కట్లు, అంటే పది గాజులు. రెక్క పలచని కాగితం కాదు, ఈనెల వెంట సన్నగా మడతలు పడి ఉంటుంది. పక్కనుంచి వెలుతురు వేసి చూస్తే ఆ మడతలు కనిపిస్తాయి. రెక్క వెనకున్న ఒంటి గీతను ఆపకుండా, కాస్త లేతగా కొనసాగిస్తే రెక్క పారదర్శకంగా తోస్తుంది.

షీట్ కింద మీ పేరు రాయండి. ఈ మాట ఊరికే అనడం లేదు. ఈస్టిండియా కంపెనీ వైద్యుడు విలియం రాక్స్‌బర్గ్ సామర్లకోటలో ఉన్నప్పుడు స్థానిక చిత్రకారుల చేత మొక్కల బొమ్మలు వేయించాడు. అవి 1795 నుంచి లండన్‌లో కోరమాండల్ తీరపు మొక్కల పుస్తకంగా మూడు సంపుటాల్లో, 300 ప్లేట్లతో అచ్చయ్యాయి. సామర్లకోట నుంచే ఆయన లక్క పురుగు గురించి రాసిన వ్యాసం 1791లో రాయల్ సొసైటీ పత్రికలో వచ్చింది. ఆయన పేరు మిగిలింది. కుంచె పట్టిన మనవారి పేర్లు మనకు దక్కలేదు. కాబట్టి పేరు, తేదీ, ఊరు, పురుగు ఏ చెట్టు మీద దొరికింది, దాని అసలు పొడవు ఎంత, ఇవి మీ చేత్తో రాయండి. పొడవుకు పక్కన ఒక చిన్న గీత గీసి ‘10 మిల్లీమీటర్లు’ అని రాస్తే, బొమ్మ ఎన్నింతలు పెద్దదో ఎవరికైనా తెలుస్తుంది.

ఆ తరువాత పేరు కనబడకుండా మడిచి, పురుగు ఇచ్చిన కొబ్బరి రైతుకే చూపించండి. బొమ్మ బాగుందా అని అడగకండి. ఇది ఆడదా మగదా అని అడగండి. మగదానికి కొమ్ము పొడవు, ఆడదానికి పొట్టి. ఆడదాని పొట్ట కొసన ఎర్రని నూగు గుబురుగా ఉంటుంది. ఆయన షీటును దగ్గరికి తీసుకుని, ఆ కొసను చూడటానికి ఒక పక్కకు వంచితే, మీరు తేనెమంచు పురుగు మొదలుపెట్టవచ్చు.